మూడో గడి

4, మంగళవారం

వ్యాన్లు వేళకే వచ్చాయి. బాయిలరు సరిగ్గా పనిచేసింది.

మధ్యాహ్నం, ఆసుపత్రి మాసిన బట్టలు వేరుచేసే సార్టింగు గదిలో ఎడంచెయ్యికి సూది గుచ్చుకుంది. ఆసుపత్రి దుప్పటి మడతలో ఇంజెక్షను సూది అలాగే ఉండిపోయిందట. ఎడమచేతివాటం మనిషని అందరూ ఆమెను ఎడంచెయ్యి అనే పిలుస్తారు. గుచ్చుకున్నదీ ఆ చేతికే. కుళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. వేలి నుంచి కారిన రక్తం కొంచెమే. మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

మేనేజరు వచ్చి చూశాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, చిన్నదేగా అన్నాడు. ఇక్కడ ఇచ్చే గ్లౌజులు ఉల్లిపొరలా ఉంటాయి. టీ గ్లాసు వేడి కూడా ఆపవు.

5, బుధవారం

వదిన ఆఫీసులోకి వచ్చింది. అన్న పోయాక ఆయన పనిలోనే చేరి ఇప్పుడు సార్టింగుకి పెద్ద అయింది. నన్ను ఈ లాండ్రీలో పెట్టించింది ఆ అన్నే. రక్తసంబంధం లేకపోయినా ఆయన అన్న, ఈవిడ వదిన.

ఆమె అడుగుతున్నవి మూడు. మందం గ్లౌజులు కావాలి. ఎడంచెయ్యికి రక్తపరీక్షలు కంపెనీయే చేయించాలి. సంచుల్లో సూదులు వస్తున్నాయని ఆసుపత్రికి ఉత్తరం రాయాలి. మేనేజరు మూడింటికీ తల అడ్డంగా ఊపాడట. ఈ నెలలో ఆసుపత్రితో కాంట్రాక్టు మళ్ళీ రాసుకోవాలి, సూది అన్న మాట ఎవరి నోటా రాకూడదన్నాడట.

అందుకని అందరి పేర్లతో ఆసుపత్రి పెద్ద నర్సుకి తనే రాస్తానంటోంది. ముందు నాకు మెయిలు పెడుతుంది. నేను వాక్యాలు సరిచేసి తిప్పి పంపాలి. రేడియోకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వద్దంది. రేడియో మడతల బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆమె నోరు మూతపడేది నిద్రలోనే అంటారు.

"నీకు చెబితే బావిలో వేసినట్టే కదా మరిదీ. అందుకే నీ దగ్గరికొచ్చాను" అంది.

6, గురువారం

మేనేజరు పిలిచాడు. ఆయన గదిలో ఎప్పుడూ ఏదో సెంటు కొడతారు. సార్టింగు గది నుంచి వచ్చే కంపు, దాని మీద ఈ మల్లెపూల సెంటు కలిసి గదంతా నిండుతుంది. కంపు ఒక్కటే అయితే భరించగలను.

'అన్నా, కూర్చో' అన్నాడు. పనుంటే నేను అన్నని. పని లేకపోతే 'అకౌంట్సు' అని కేకేస్తాడు.

వదిన నాకు రాస్తున్నట్టు తెలిసిపోయింది. నిన్న నా వెనకగా వెళ్తూ స్క్రీను చూశాడట. ఆమెకి జవాబు రాసేటప్పుడు మూడో గడిలో తన పేరు పెట్టమన్నాడు. ఇక్కడ అందరికీ మెయిలు నేర్పింది నేనే, నాకెవరూ నేర్పలేదు, నొక్కి చూసి నేర్చుకున్నాను. మొదటి గడిలో పేరు రాస్తే ఉత్తరం వాళ్ళకి. రెండో గడిలో పేరు రాస్తే నకలు పోతుంది, పోయినట్టు అందరికీ కనబడుతుంది. మూడోది బీసీసీ. అందులో రాసినవాళ్ళకీ నకలు పోతుంది, పోయినట్టు ఎవరికీ కనబడదు. జవాబు కింద వదిన రాసింది కూడా ఉంటుంది కాబట్టి ఆయనకి అన్నీ చేరతాయి.

"వాళ్ళ మేలు కోసమే అన్నా. ఎదురుగా అడిగితే భయపడతారు. వాళ్ళకేం కావాలో తెలిస్తేనే కదా చెయ్యగలను" అన్నాడు.

నేనేమీ అనలేదు. ఒప్పుకున్నాననుకున్నాడు. నేను మాట్లాడనప్పుడల్లా ఎదుటివాళ్ళు ఏదో ఒకటి అనుకుంటారు. అది నా చేతిలో లేదు.

7, శుక్రవారం

మూడో గడిలో పేరు పెట్టాను. ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా లేదు.

8, శనివారం

వదిన పేర్లు రాసి పంపింది. ఇస్త్రీ రోలర్ల దగ్గర పనిచేసే ఇద్దరు తోడికోడళ్ళూ, ఎడంచెయ్యీ, తనూ. తోడికోడళ్ళు వాళ్ళ మొగుళ్ళకి తెలియకుండా ఒప్పుకున్నారట. పెద్దామె అప్పటికే భయపడుతోందని, ఆమెను గట్టిగా అడగొద్దని కూడా రాసింది. వాక్యాలు సరిచేసి తిప్పి పంపాను. మూడో గడి నింపాను.

వాళ్ళ మేలుకే అన్నాడుగా. ఏం కావాలో తెలుస్తుంది, చేస్తాడు. చెయ్యొచ్చు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మా ఆవిడ చూసి, "మూటలు విప్పేది వాళ్ళయితే చేతులు మీరెందుకండీ అంతలా తోముకోవడం" అంది. సబ్బు అరిగిపోతోందని ఆమె బాధ.

10, సోమవారం

పొద్దున్నే తోడికోడళ్ళను మేనేజరు గదికి పిలిచారు. విడివిడిగా. పెద్దామెతో, నీ మొగుడికి తెలుసా ఈ సంగతి, అని మొదలుపెట్టాడట. వదిన నాకు రాసిన సంగతే, ఎవరో చెబితే విన్నట్టు ఆమె ముందు పెట్టాడు. సాయంత్రానికి ఇద్దరూ పేర్లు వెనక్కి తీసుకున్నారు.

ఆయన గది ముందు నుంచే ట్రాలీలు పోతాయి. చిన్నామె బయటికొచ్చి ట్రాలీ పట్టుకుని నిలబడింది, తోయలేదు. నేను తల దించుకుని కూడికలు వేసుకుంటున్నాను. కూడేది ఏదీ లేదు.

11, మంగళవారం

అందరూ రేడియో మీద పడ్డారు.

సంగతి బయటపెట్టింది ఎవరని ఎవరూ ఆలోచించలేదు, రేడియో అంటే రేడియోనే. భోజనాల గదిలో పొడుగు బల్ల ఒకటే ఉంది. ఆమె వచ్చి కూర్చోగానే ఇటుపక్క వాళ్ళు ఇటూ అటుపక్క వాళ్ళు అటూ జరిగారు. మధ్యలో ఆమె, ఆమె డబ్బా. మొదట నవ్వింది. నాకేమైనా అంటురోగమా అంది. ఎవరూ నవ్వకపోయేసరికి, ఏం జరిగిందో ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. పెద్ద తోడికోడలు డబ్బా మూత ఠపీమని పెట్టి లేచిపోయింది.

నేను బల్ల చివర తింటున్నాను. నా పక్కన ఎప్పుడూ కొంచెం జాగా ఉంటుంది, మాటలుండవని. రేడియో డబ్బా తెచ్చుకుని ఆ జాగాలో కూర్చుంది. "మీరైనా చెప్పండి, నేనేం చేశాను?" అంది. ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మింగి, తెలియదన్నాను.



12, బుధవారం

వదిన మెయిలు. రేడియో ఇంత పని చేస్తుందనుకోలేదని, సంగతి ఆమెకెలా తెలిసిందో అంతుపట్టడం లేదని, నేనేమైనా విన్నానా అని. ఇంకొకరితో మాట్లాడుతున్నానని కూడా రాసింది. ఎవరో ఈసారి రాయలేదు.

జవాబు రాశాను. 'ఏమీ వినలేదు. జాగ్రత్తగా ఉండండి.'

పంపాక మళ్ళీ తెరిచి చూసుకున్నాను. జాగ్రత్తగా ఉండండి అని రాసి, ఎవరి నుంచి జాగ్రత్త పడాలో అతని పేరు మూడో గడిలో పెట్టాను. వేళ్ళు వాటంతటవే పెట్టేశాయి. ఈ వేళ్ళతో అన్నం తినాలి.

13, గురువారం

రేపు చెబుతాను.

14, శుక్రవారం

వదిన ఇవాళ సెలవు. ఉండుంటే చెప్పేవాణ్ణి.

15, శనివారం

ఆమె ఉంది. వ్యాన్లు ఆలస్యంగా వచ్చాయి, అందరూ హడావిడిగా ఉన్నారు. ఇలాంటి మాటలు తీరిగ్గా చెప్పాలి.

రేడియో రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. మడతల బల్ల దగ్గర ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మేనేజరు అటుగా వెళ్తూ, ఇవాళ పని బాగా సాగుతోందే అన్నాడు.

17, సోమవారం

పన్నెండో తారీఖు నా ఉత్తరానికి ఇవాళ పొద్దున మేనేజరు జవాబిచ్చాడు. నాకనుకుని. అది వదినకీ పోయింది.

పోయిన ఏడాది ఒక ట్రాలీ దుప్పట్లు కనబడకుండా పోతే ప్రతి సెక్షనూ మాకు మెయిలు రాలేదని తప్పించుకుంది. అప్పుడు ఆయన రూలు పెట్టాడు: ఎవరు జవాబు రాసినా అందరికీ పోవాలి. తన ఫోనులో కూడా జవాబు నొక్కితే అందరికీ పోయేలా పెట్టించుకున్నాడు. పెట్టింది నేనే. మూడో గడిలో దాక్కున్నవాడు ఆ మీట నొక్కితే మొదటి గడిలో వాళ్ళ ముందుకొచ్చి నిలబడతాడు. ఈ సంగతి ఆయనకి తెలియదు. నాకు తెలిసి కూడా ఆయన ఫోను గుర్తు రాలేదు.

ఆయన రాసింది: 'బాగుంది అన్నా. రేడియోనే అనుమానించనీ, మనకదే మంచిది. ఇంకొకరెవరో మెల్లగా లాగు.'

మనకి. రోజంతా ఆ ఒక్క మాటే చదువుకున్నాను. మనకి అట.

మేనేజరు ఏమీ గమనించలేదు. ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. వదిన నుంచి జవాబు లేదు. రెండుసార్లు కిందికి దిగబోయి మెట్ల మీద నుంచే వెనక్కి వచ్చాను.

18, మంగళవారం

భోజనాల గదిలో వదిన లేచి నిలబడింది. మేనేజరు ఇంకా రాలేదు. రేడియో దగ్గరికెళ్ళి, నీ మీద పడ్డ నింద తప్పు, నేనే ముందు అన్నాను, నేనే ముందు వెనక్కి తీసుకుంటున్నాను అంది. ఎవరు చేశారని అడిగితే, నేను కనుక్కున్నాను, ప్రస్తుతానికి ఇంతే అంది. రేడియో ఏడ్చింది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టి గంట కొట్టినా ఆపలేదు.

వదిన నా వైపు చూడలేదు.

సాయంత్రం నన్ను సార్టింగు గదికి రమ్మంది. నేలంతా విప్పని మూటలు. నాకు తొడుక్కోమని ఒక జత గ్లౌజులు ఇచ్చింది. ఒక మూట ముడి విప్పమంది. విప్పాను. లోపలున్నది ఇక్కడ రాయను. నేను కూడేది వీటి లెక్కే. ఒక్కసారీ విప్పి చూడలేదు.

"మీ అన్న ఉండుంటే నిన్ను కొట్టేవాడు. నాకు కొట్టే ఓపిక లేదు" అంది.

చెబుదామనే అనుకుంటున్నాను వదినా, రోజూ అనుకుంటున్నాను, అన్నాను. నా గొంతు నాకే వెగటుగా వినబడింది.

ఆమె అది పట్టించుకోలేదు. మూడో గడిలో మేనేజరు పేరు తియ్యొద్దంది. నాకర్థం కాలేదు.

"నేను ఎదురుగా చెబితే బెదిరిస్తున్నానంటాడు, అదే చాటుగా చదివితే నిజమనుకుంటాడు. రేపు నీకొకటి రాస్తాను. ఎప్పట్లాగే జవాబివ్వు. నీకు అలవాటేగా."

19, బుధవారం

ఆమె రాసింది ఇది. సూది తన దగ్గరే ఉంది, గాజుసీసాలో భద్రంగా దాచింది. ఎడంచెయ్యి పెదమామగారు పెద్ద నర్సుకి బాగా తెలిసినవాడు. శుక్రవారం సాయంత్రం అందరూ కలిసి వెళ్ళి ఆ సీసా పెద్ద నర్సు బల్ల మీద పెడతారు. కంపెనీ ఏమీ పట్టించుకోలేదని చెబుతారు.

సూది ఆరోజే చెత్తలో పోయింది. ఎడంచెయ్యికి పెదమామగారు లేడు.

జవాబు రాశాను. 'మంచి ఆలోచన. ఎవరికీ చెప్పకండి.' ఎప్పట్లాగే.

ఇది మంచి పనే. మంచి పనికైనా నోట్లో అదే చేదు. మొదట్లో ఒక్క అబద్ధం లేకుండా ద్రోహం చేశాను, ఇప్పుడు అబద్ధంతో న్యాయం చేస్తున్నాను. రెండింటికీ ఒకే మీట.

20, గురువారం

పది కాకముందే మేనేజరు ఆసుపత్రికి ఉత్తరం రాశాడు. నకళ్ళు అందరికీ, రెండో గడిలో, బాహాటంగా. 'మా కార్మికుల క్షేమమే మాకు ముఖ్యం. దుప్పట్లలో సూది వచ్చిన విషయం మా దృష్టికి రాగానే...' అని మొదలుపెట్టాడు. ఎడంచెయ్యిని తన కారులో పరీక్షకి పంపాడు. దారిలో తాగడానికి కొబ్బరినీళ్ళు కూడా కొనిపెట్టమని డ్రైవరుకి చెప్పాడు.

21, శుక్రవారం

మందం గ్లౌజులు వచ్చాయి. ఆసుపత్రి జవాబు కూడా వచ్చింది. క్షమించమన్నారు, ప్రతి వార్డులోనూ సూదుల డబ్బాలు పెట్టిస్తామన్నారు, చెప్పినందుకు మెచ్చుకున్నారు. కాంట్రాక్టు ఊసే లేదు. మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే అయ్యేది.

ఎడంచెయ్యికి మొదటి పరీక్షలో ఏమీ లేదన్నారు. కొన్నాళ్ళాగి మళ్ళీ చెయ్యాలట. అందాకా ఆమె బిడ్డను ఎత్తుకోవడానికి కూడా జంకుతోందని విన్నాను. ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పినా.

వదిన గ్లౌజుల పెట్టె తీసుకోవడానికి వచ్చింది. "సంతకం ఎక్కడండీ" అంది. అండీ.

24, సోమవారం

మేనేజరు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉంచాడు, తడిగుడ్డలా. ఆ సీసా సంగతి ముందే తెలియకపోయుంటే మునిగిపోయేవాళ్ళమన్నాడు. నావల్లే కంపెనీ నిలబడిందన్నాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. బాయిలరాయన ఈమధ్య ఎదురుమాట్లాడుతున్నాడు. అతనితో కూడా నేను మెయిల్లో మంచీచెడ్డా మాట్లాడుతుండాలి. ఎప్పట్లాగే, అన్నా.

కుదరదు అనాలి. నోరు తెరిచాను. 'చూస్తాను' అని వచ్చింది.

25, మంగళవారం

ఈసారి రేపటికి వాయిదా వెయ్యలేదు. పొద్దున్నే బాయిలరు గదికి వెళ్ళాను. ఆవిరిలో కళ్ళద్దాలు మసకబారాయి. అదీ ఒకందుకు మంచిదే, ఆయన మొహం కనబడకుండానే చెప్పేశాను. నువ్వు నాకు ఏం రాసినా మేనేజరు చదువుతాడు, రాయకు అన్నాను.

బాయిలరాయన ప్రెషరు గేజీ తుడుస్తూ, తెలుసులే అన్నాడు. సార్టింగంతా తెలుసట. రోలర్ల వాళ్ళకీ తెలుసట. వదిన పోయిన మంగళవారం సాయంత్రమే అందరికీ చెప్పి, మేనేజరు దాకా పోనివ్వొద్దని ఒట్టు వేయించుకుందట.

మరి ఎవరూ నన్నేమీ అనలేదే అన్నాను.

"అనడానికేముందయ్యా. నువ్వొక గొట్టానివి. ఇటు పోస్తే అటు వస్తుంది. గొట్టాన్ని తిడతామా?" అన్నాడు. ఆపైన, "వచ్చావు గనక రాసుకో. వాల్వు మార్చకపోతే బాయిలరు పేలుతుందని నేను నీ దగ్గర రహస్యంగా వాపోయానని రాయి. ఏడాదిగా ఎదురుగా మొత్తుకుంటున్నాను, వినడం లేదు" అన్నాడు.

26, బుధవారం

పెద్ద తోడికోడలు వచ్చి, రోలర్ల దగ్గర ఫ్యాను పెట్టకపోతే మానేస్తానని తాను రహస్యంగా అన్నట్టు రాయమంది. డ్రైవరు వచ్చి టైర్ల గురించి ఏదో గుసగుసగా చెప్పాడు. నాతో ఇంతమంది మాట్లాడటం ఈ లాండ్రీలో చేరాక ఇదే మొదలు. మాట అయిపోగానే వెళ్ళిపోతారు. భోజనాల బల్ల దగ్గర నా ఇటుపక్కా జాగా, అటుపక్కా జాగా.

మూడు ఉత్తరాలూ రాయలేదు. రాయననీ చెప్పలేదు.

27, గురువారం

సాయంత్రం రేడియో ఆఫీసు గుమ్మంలో నిలబడింది. నీకేం కావాలి, ఫ్యానా, కుర్చీయా అని అడిగాను. అలా ఎందుకన్నానో తెలియదు. ఒంట్లో ఉన్న విషమంతా ఆ మాటలో దిగింది.

ఆమె ఏమీ అనుకోలేదు. లోపలికి రాలేదు.

"నాకేం వద్దండీ. వారం రోజులు నన్ను కుక్కని చూసినట్టు చూశారు. సార్టింగు అక్క వచ్చి కాదని చెప్పింది, సంతోషం. అందరికీ తెలుసు, అదీ సంతోషమే. కానీ మీ పక్కన కూర్చుని మిమ్మల్నే అడిగానుగా ఆరోజు, నేనేం చేశానని. తెలియదన్నారు. మీ నోటితో ఒక్కసారి చెప్పండి. అందరి ముందూ" అంది.

అందరికీ తెలిశాక మళ్ళీ చెప్పడం దేనికి అన్నాను.

"మీకెలా తెలుస్తుంది లెండి. మాటంటే మీకు ఖర్చు" అని వెళ్ళిపోయింది.

మా ఆవిడకి ఇవాళ మొత్తం చెప్పాను, మొదటి నుంచీ. ఆమె కూర తరగడం ఆపలేదు. అంతా విని, "మాట్లాడని మొగుడు దొరికాడని మా అమ్మ ఎంత మురిసిపోయిందో" అంది. ఇంకేమీ అనలేదు. రాత్రి నా కంచం పెట్టి తను వేరే గదిలో తింది.

28, శుక్రవారం

మధ్యాహ్నం రోలర్లు ఆగాయి. అందరూ బల్ల దగ్గర ఉన్నారు. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది, ఫోనులో మాట్లాడుతున్నట్టు గొంతు వినబడుతోంది. ఆయన బయటికి వెళ్ళాకనే చెప్పొచ్చు. అలా అనుకునే కూర్చున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

లేచాను. కుర్చీ కాలు గట్టిగా కీచుమంది. తలలు ఇటు తిరిగాయి.

ఏం చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. వదిన నాకు రాసినవన్నీ నేనే మేనేజరుకి చేరవేశాను, రేడియో ఎవరికీ ఏమీ చెప్పలేదు, తెలిసి కూడా ఆమె మొహం మీదే తెలియదన్నాను, అని. అంతే. గొంతు సగంలోనే బొంగురుపోయింది. ఎవరో మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపారు. అది ఎవరన్నది నేను చూడలేదు. వదిన అన్నం కలుపుతోంది, తల ఎత్తలేదు. గదిలో ఫోను మాటలు ఆగిపోయాయి.

కూర్చోబోయాను.

"ఇంకోసారి చెప్పండి" అంది రేడియో. "అటు చివర వాళ్ళకి వినబడలేదు."

మళ్ళీ చెప్పాను.